కళకు బలి కావలెనా?

గడచిన మాసమున మా పట్టణములోని చలనచిత్ర మిత్రులు కొందరు రెండు రాత్రులు వరుసగా రెండు చిత్రములను ప్రదర్శించిరి. మొదటిది జర్మను దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ 1982లో వెలువరించిన ‘ఫిట్జ్‌కరాల్డో’. రెండవది ఆ చిత్ర మెట్లు తయారయ్యెనో చూపుచు అమెరికా దేశీయుడగు లెస్ బ్లాంక్ ఆ సంవత్సరముననే వెలువరించిన ‘బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్’. కలల బరువు అని దాని పేరునకు అర్థము. రెండవ రాత్రి ప్రదర్శనము ముగిసి దీపములు వెలిగినంతనే యువకులు లేచి కరతాళధ్వనులు చేసిరి. స్నేహితుల చందాలతో తన తొలి చిత్రమును ఆరంభింపనున్న కుర్రవాడొకడు నా ప్రక్కన కూర్చుండియుండెను. అతడు కన్నులు మెరయుచుండగా నా వైపునకు తిరిగి, “సినిమా తీస్తే ఇలా తియ్యాలి మాస్టారూ! ప్రాణాలకు తెగించాలండీ” అనెను. “ఎవరి ప్రాణాలకు బాబూ?” అను ప్రశ్న నా నాలుక చివరకు వచ్చి నిలిచెను. అతని యుత్సాహమును చల్లార్చుటకు మన సొప్పక ఊరకుంటిని. ఇంటికి పోవు దారి పొడుగునను ఆ యూరకుండుట తప్పని తోచుచునే యుండెను. ఈ వ్యాసమున కదియే కారణము.

ముందుగా కథ చెప్పవలెను. దక్షిణ అమెరికాయందలి పెరూ దేశమున రబ్బరు వ్యాపారము ముమ్మరముగా సాగిన దినములలో, ఇక్విటోస్ పట్టణమున అరణ్యమధ్యమందు గొప్ప సంగీతనాటకశాలను కట్టింపవలెనని కలగన్నవాడొకడు, అందులకు ధనము కూర్చుటకై పూనిన సాహసమే ‘ఫిట్జ్‌కరాల్డో’ ఇతివృత్తము. ఒక నదినుండి మరియొక నదికి చేరుటకు అతడు ఆవిరి ఓడను కొండమీదుగా లాగించును. చరిత్రయందు కార్లోస్ ఫెర్మిన్ ఫిట్జ్‌కరాల్డ్ అను వ్యాపారి నిజముగా నుండెను. అతడు తన చిన్న ఓడను ముక్కలుగా విప్పించి మోయించుకొని పోయెను. హెర్జోగున కది చాలలేదు. మూడువందల టన్నులకు మించిన ఓడను విప్పకయే కొండ నెక్కింపవలెననియు, బొమ్మ ఓడలతో గాని స్టూడియో మాయలతో గాని పని జరుపరాదనియు పట్టుబట్టెను. వ్యాపారికంటె దర్శకుడు పట్టుదల గలవాడని మెచ్చుకొనువారు మెచ్చుకొనవచ్చును. వ్యాపారికంటె దర్శకునకు మోయువారి నడుములమీద జాలి తక్కువయని నావంటి ముసలివానికి తోచినచో మన్నింపవలెను.

ఆ చిత్రమునకు వచ్చిన చిక్కులు ఒకటి రెండు కావు. 1979 డిసెంబరులో మొదటి శిబిరమును అగ్వరూనా జాతివారు తగులబెట్టిరి. చోటు మార్చి వేరొక యడవిలో మరల మొదలిడగా, నూటికి నలువది వంతుల పని ముగిసిన పిమ్మట ప్రధాన నటుడగు జేసన్ రాబర్డ్స్ రక్తగ్రహణితో స్వదేశమునకు పోయెను. మరల పోవలదని వైద్యులు శాసించిరి. రెండవ పాత్రధారియగు మిక్ జాగర్ తన గానసభల తరుణము వచ్చుటచే వెడలిపోయెను. తీసినదంతయు త్రోసివేసి, క్లౌస్ కిన్‌స్కీతో మొదటినుండి తీయవలసివచ్చెను. ఓడను లాగు యంత్రముల నమర్చిన ఇంజనీరు, ఏటవాలు తగ్గింపనిచో త్రాళ్ళు తెగి జనము నలిగిపోవుదురని హెచ్చరించి, మాట చెల్లక పని మానుకొనెను. అడవిలో బాణములు తగిలినవారికి శిబిరముననే శస్త్రచికిత్స జరిగెను. ఆ చికిత్సయందు మత్తుమందు అయిపోయినందున, కొలది కాలమునకు ఛాయాగ్రాహకుడు థామస్ మాఖ్ చేయి చీలినప్పుడు మందు లేకయే కుట్లు వేసిరి.

హెర్జోగునకు న్యాయము చేయవలెను. తాను గొడుగు క్రింద కూర్చుండి ఇతరులను అపాయమునకు పంపిన పిరికివాడు కాడు. కట్టు తెగిన ఓడ నది సుడులలో బండల గ్రుద్దుకొనుచు పోవునప్పుడు తానును దానిపై నుండెను. స్థానికులకు ఆ ప్రాంతమున నడచు కూలికంటె హెచ్చు కూలి యిచ్చెను. అంతియకాదు; ఓడ అంగుళ మంగుళముగా బురదలో కొండ నెక్కు దృశ్యము చూచినప్పుడు నా యొడలు గగుర్పొడిచెను. ఇది నిజమైన బరువని కన్ను గుర్తుపట్టును. కాన్స్ ఉత్సవమున ఆ యేడు ఉత్తమ దర్శకుడను గౌరవము అతనికి లభించుట అన్యాయమని నేనననుగాక అనను. మంచి చిత్రమును మంచిదని యొప్పుకొననివాడు విమర్శకుడు కాజాలడు.

అయినను నాకు రెండవ రాత్రి చిత్రమే ఎక్కువ సత్యముగా తోచెను. కారణము చెప్పెదను. లెస్ బ్లాంక్ తిండిని గూర్చి శ్రద్ధగల దర్శకుడు. వెల్లుల్లిపాయమీద నొక చిత్రము తీసిన మహానుభావుడు. అందుచే అతని కెమెరా దర్శకుని ముఖము మీదనే నిలువక వంటపొయ్యిల వైపునకు పోవును. కర్రపెండలమును నమిలి పులియబెట్టి పానీయము చేయు స్త్రీలను చూపును. పని లేక, పోవుటకు వీలు లేక, వారములకొలది గుడిసెలలో నిరీక్షించు కూలివారిని చూపును. ఒకవంక దర్శకుడు అడవియంతయు హింసామయమనియు, పక్షులు పాడుట లేదు, బాధతో అరచుచున్నవనియు ఉపన్యసించుచుండును. వేరొకవంక ఆ యడవిలోనే పుట్టిపెరిగినవారు నింపాదిగా అన్నము వండుకొనుచుందురు. బ్లాంక్ ఒక్క మాటయు విమర్శగా అనడు. ఆ రెండు దృశ్యములను ప్రక్క ప్రక్కన అతికించుటయే విమర్శ. హెర్జోగ్ తన పనిని విడిచిన యెడల కలలు లేని మనుష్యుడ నగుదునని చెప్పుకొను చోట మన యువకులు చప్పట్లు చరచిరి. ఆ కల ఒక్కనిది, బరువు అనేకులదియని ఆ చిత్రము పేరే చెప్పుచుండుట వారికి వినబడలేదు.

ఈ సందర్భమున నాకు మన యనంతపుర మండలమందలి బుక్కరాయసముద్రపు చెరువు జ్ఞప్తికి వచ్చెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థి దశయందు రచించిన ‘ముసలమ్మ మరణము’ చదువని తెలుగువారు అరుదు. చెరువుకట్ట తెగనున్నది, బసిరెడ్డి చిన్నకోడలు బలియైనగాని నిలువదని అశరీరవాణి పలికినది, ఆ యిల్లాలు ఊరికొరకు తన్ను తా నర్పించుకొన్నది. చదువునప్పుడు కన్నీరు రాకపోదు. కాని కన్నీరు తుడుచుకొన్న పిమ్మట ఒక సందేహము పుట్టును. ఆ కట్టకు ఏటేట మన్నెత్తవలసినవా రెవరు? తూముల మరమ్మతు లెవరు మానిరి? అశరీరవాణి ఆ పేరులు చెప్పలేదు. బలియైనది కోడలు, ఊరిపెద్దల పేరేటికి వచ్చును? ఇట్టి కథలు మన సీమలలో చెరువున కొకటిగా వినబడుచుండును. ప్రతి కథయందును బలియగువారు ఇంటిలో మాటచెల్లనివారే. చలనచిత్ర నిర్మాణమున మన మిపుడు చెప్పుకొను వీరగాథలును ఈ కోవలోనివే. ‘ముప్పది రాత్రులు నిద్రలేక తీసిరి,’ ‘జ్వరముతోనే నటించెను,’ ‘కాలు విరిగినను కెమెరా దింపలేదు’ — ఇవి కట్ట క్రింద పూడ్చబడినవారి కథలు. ముందుగా మన్నెత్తని పెద్దను గూర్చి ఈ గాథలలో నొక్క చరణమైన నుండదు.

డబ్బులేనివాడు స్వతంత్రముగా చిత్రము తీయునప్పుడు ఇది తప్పదు కదా యని కొందరందురు. పెద్ద నిర్మాతకు సంఘముల భయము గలదు, కాల్షీట్టు లెక్క గలదు, వేళ మించిన అదనపు కూలి యిచ్చుకొనవలెను; పేదవాడగు స్వతంత్రునకు స్నేహమే మూలధనము, నిద్రయే పెట్టుబడి యని వారి వాదము. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. దీనికి ప్రత్యుత్తరముగా సత్యజిత్ రాయ్ తొలి చిత్రమును తలచుకొందును. అంతకంటె పేద చిత్రము చూపుడు.

‘పథేర్ పాంచాలి’ చిత్రీకరణము 1952 అక్టోబరులో నొక యాదివారమునాడు రెల్లుపూల మైదానమున మొదలయ్యెను. రాయ్ అప్పుడు కలకత్తాలో నొక ప్రకటనల కంపెనీ యుద్యోగి; వారమంతయు కచేరి, సెలవుదినములందు సినిమా. ఛాయాగ్రాహకుడగు సుబ్రత మిత్రకు ఇరువదియొక్క యేడు. అంతకు పూర్వ మతడు చలనచిత్ర కెమెరాను నడపి యెరుగడు. మరుసటి వారము వచ్చి చూడగా ఆ రెల్లుపూలను పశువులు మేసిపోయెను. ఆ దృశ్యమును పూర్తిచేయుటకు మరల పూలు పూయు ఋతువువరకు ఆగిరి. నిర్మాత ఇచ్చిన సొమ్ము అయిపోయెను. రాయ్ తన గ్రామఫోను రికార్డు లమ్ముకొనెను. భార్య నగలు కుదువకు పోయెను. నెలలకొలది పని నిలిచిపోయెను. బెంగాలు ప్రభుత్వము ధనసాహాయ్యము చేసిన పిమ్మట 1955లో చిత్రము ముగిసెను. ఈ విరామములన్నియు దయచే కలిగినవని నే ననుట లేదు. దారిద్ర్యముచే కలిగినవి. దారిద్ర్యము వచ్చినప్పుడు నాయకుడు దానిని ఎవరి నెత్తిన దింపెనో చూడవలెను. రాయ్ తన రికార్డులమీద దింపుకొనెను, తన యింటి నగలమీద దింపుకొనెను, కాలముమీద దింపెను. గడువు పెట్టి జనమును తరుముటకు బదులు ఋతువునకై వేచెను. (ఆ నగల యజమానురాలి నడిగినచో మరియొక వ్యాసము వ్రాయవలసివచ్చునేమో. ఇల్లాండ్ర మౌనముపై నిలిచిన కళాఖండములు మన దేశమున తక్కువ కావు.)

ఆ చిత్రమున ముసలి అత్త ఇందిర్‌గా నటించిన చునీబాలాదేవికి వయసు ఎనుబదికి చేరువ. పూర్వము నాటకములాడి, ఎన్నడో మరువబడిన నటి. ఆమె శవమును పాడెపై మోసికొనిపోవు దృశ్యము తీయవలసివచ్చినప్పుడు, చావునకు దగ్గరలోనున్న వృద్ధురాలిని పాడెపై పండుకొనుమని యెట్లడుగుటయని రాయ్ సంకోచించెనట. అడిగినంతనే ఆమె సంతోషముగా నొప్పుకొనెను. దృశ్యము ముగిసి పాడె దింపినను ఆమె కదలకుండుటచే అందరును భయపడిరి. చివర కామె కన్ను తెరచి, పని ముగిసినదని తన కెవరును చెప్పలేదేమని ప్రశ్నించెను! రాయ్ స్వయముగా చెప్పుకొన్న ఈ ముచ్చటలో నవ్వు గలదు. కాని నాకు ముఖ్యముగా తోచునది ఆ నవ్వునకు ముందున్న సంకోచము. అడుగుటకు సంకోచించినవాడే నిజముగా అడిగినవాడు. ‘కాదు’ అను ప్రత్యుత్తరమునకు చోటుంచి యడిగినది ప్రశ్న, చోటుంచనిది ఆజ్ఞ. చిత్రము విడుదలయగునాటివరకు ఆమె బ్రతుకదని గ్రహించి రాయ్ ఆమె యింటికే పోయి చిత్రమును చూపెనని చెప్పుదురు. విడుదలకు పూర్వమే ఆమె మరణించెను.

రాయ్ మాత్రము దేవుడా? కాదు. న్యూయార్కు ప్రదర్శనమునకు ప్రతిని అందజేయవలెనను తొందరలో కడపటి దినములందు అతడును, కూర్పరి దులాల్ దత్తయు రాత్రింబవళ్ళు పనిచేసిరి. రవిశంకరుడు సంగీతమంతయు ఒక్క రాత్రి కూర్చుండి ముగించెను. ఒక రాత్రి జాగరణముచే ఎవరును చావరు. జాగరణమునే పద్ధతిగా చేసికొనుట వేరు. ఇక్కడ ఇంకొక విషయము గలదు. ఇది దయను గూర్చి వ్రాయువారు సాధారణముగా మరచునది. రాయ్ ప్రతి దృశ్యమును ముందుగా బొమ్మలు గీసి పుస్తకమున నుంచుకొనెడివాడు. తనకేమి కావలెనో తెలిసి వచ్చెడివాడు. తెలియక వచ్చు దర్శకుని మాట వేరుగా నుండును. అతడు ప్రేమగా పలుకవచ్చును, అందరిని అన్నా తమ్ముడా యనవచ్చును, భుజముపై చేయి వేయవచ్చును; కాని ఉదయమారు గంటలకు నలువదిమందిని నిలువబెట్టి, కెమెరా ఎక్కడ పెట్టవలెనో మధ్యాహ్నమువరకు ఆలోచించి, ఆ నష్టమును రాత్రి రెండు గంటలవరకు రాబట్టును. నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన సామెత. చిత్రనిర్మాణమున నోటికంటె ముందు కాగితము మంచిది కావలెను. ముందురోజు రాత్రి నాయకుడు తన గదిలో పడు శ్రమ, మరునాడు లైట్లు మోయువాని నడుమునకు దక్కు విశ్రాంతి.

నాయకుడు తన్ను తాను కాల్చుకొనుట వేరొక విధమైన హింస. ఋత్విక్ ఘటక్ రాయ్‌తో సమానమైన ప్రతిభగలవాడు, కొందరి మతమున మించినవాడు. చిత్రములు ధనము నార్జింపక, దేశవిభజన దుఃఖము తీరక, మద్యమునకును వ్యాధికిని లోనై 1976లో 50 యేండ్ల వయసున మరణించెను. జర్మనీ యందు రైనర్ వెర్నర్ ఫాస్‌బిండర్ పదునైదేండ్లలోపున నలువదికి మించిన చిత్రములు తీసి, తన బృందమును కొరడా లేకయే తోలి, మాదకద్రవ్యములచే 1982 జూను 10న 37వ యేట గతించెను. వీరి చిత్రములు గొప్పవి. వీరి చావులు గొప్పవి కావు. ఈ రెంటికిని ముడివేసి, చావు వలననే గొప్ప వచ్చెనని చెప్పు విమర్శకులు పాపము చేయుచున్నారు. నూనె యింకిన ప్రమిదలో వత్తి ఒక్క క్షణము పెద్దగా మండును. ఆ మంటను చూచి ‘ఎంత వెలుగు!’ అనువాడు నూనె పోయువాడు కాడు.

మన పొరుగున మలయాళ దేశమందలి జాన్ అబ్రహాం చరిత్ర ఇంకను మనసును కలచును. 1984లో స్నేహితులతో ‘ఒడెస్సా’ యను సమష్టిని స్థాపించి, ఊరూర తెరకట్టి చిత్రములు చూపి, సామాన్యులు వేసిన చిల్లర డబ్బులతో 1986లో ‘అమ్మ అరియాన్’ తీసెను. నిర్మాత యనువాడు లేడు, ప్రజలే నిర్మాతలు. స్వతంత్ర చిత్రమునకు ఇంతకంటె స్వచ్ఛమైన మూలధనము ఊహింపజాలము. అయినను మరుసటి యేడు, 1987 మే 31న, కోళిక్కోడులో ఒక కట్టడముపైనుండి పడి జాన్ మరణించెను. అతని దేశదిమ్మరితనమును, తాగుడును, నిద్ర లేమిని ఆనాటి స్నేహితులు కవితలుగా చెప్పుకొనిరి, నేటికిని చెప్పుకొందురు. ఒకని చుట్టును ఇంతమంది యుండి, అందరును ప్రేమించి, అతని నెవరును ఇంటికి పోయి పండుకొమ్మని బలవంతము చేయలేకపోయిరి. సమష్టి డబ్బును పంచుకొన్నది, భారమును పంచుకొనలేదు. దర్శకుడు, నిర్మాత, గుమాస్తా, ప్రచారకుడు అన్నియు తానేయగు చోట సమష్టి యను పేరు తెరమీద మాత్రమే మిగులును.

ఈ విషయమున ఫ్రాన్సుదేశపు అగ్నెస్ వార్దా తొలి చిత్రము ‘లా ప్వాంత్ కూర్త్’ నాకు నచ్చిన యుదాహరణము. 1954లో, సేట్ రేవునందలి జాలరిపేటలో, చేత సొమ్ము లేక, నటులను పనివారిని చిత్రమున వాటాదారులుగా చేర్చుకొని తీసెను. ఎవనికెంత రావలెనో లెక్క యుండెను. ఆ బాకీ తీరుటకు ఏండ్లు పట్టెను. కాని బాకీని బాకీయని పిలిచిరి, త్యాగమనలేదు. మన చిన్న చిత్రములయందు జరుగునది దీనికి సరిగా తలక్రిందులు. ‘ఇప్పుడు పేరు వస్తుంది, డబ్బు తరువాతి సినిమాకు చూసుకుందాం’ అను వాక్యమును విననివాడు ఫిలింనగరు వీథులలో లేడు. ఆ తరువాతి సినిమా వచ్చినప్పుడు తరువాతి కుర్రవాడు వచ్చును.

ఇక దేహము మాట. 1997 మార్చిలో హాలీవుడ్డున ‘ప్లెజెంట్‌విల్’ చిత్రమునకు పనిచేయుచున్న సహాయ ఛాయాగ్రాహకుడొకడు 19 గంటలు పనిచేసి, కారు నడపుకొని ఇంటికి పోవుచు, నిద్రలో కారు రోడ్డు తప్పి మరణించెను. అతనికి భార్యాపిల్లలు గలరు. ప్రఖ్యాత ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ ఈ మరణమును పట్టుకొని ‘హూ నీడ్స్ స్లీప్?’ అను చిత్రమును 2006లో వెలువరించెను. పండ్రెండు గంటల పని, పండ్రెండు గంటల విరామము — అతడు కోరినదంతే. కోరినది లభింపలేదు. అది పెద్ద కంపెనీ చిత్రము గదా, స్వతంత్ర చిత్రములతో దానికేమి యందురేమో. పెద్ద కంపెనీలో సంఘముండియు ఇట్లు జరిగిన యెడల, సంఘము లేని చోట దర్శకుని మనస్సు తప్ప వేరొక కట్టుబాటు లేని చోట ఎట్లుండునో ఆలోచింపుడు. మలయాళ చిత్రసీమను గూర్చి హేమ సంఘమువారు 2019లో సమర్పించగా 2024 ఆగస్టులో గాని ప్రకటింపబడని నివేదికయందు ఒక చిన్న సంగతి గలదు. చిత్రీకరణ స్థలములందు మరుగుదొడ్డి లేనందున స్త్రీలు పగలంతయు నీరు త్రాగుట మానుకొందురట. ఆ నివేదికలోని ఘోరములను గూర్చి పత్రికలు వ్రాసినవి. ఈ దాహమును గూర్చి వ్రాసినది తక్కువ. నాకు దయను గూర్చి పెద్ద సిద్ధాంతములు తెలియవు. ఆ స్థలమున స్త్రీలు నీళ్ళు త్రాగుచున్నారా యని చూడుడు. ఆ దర్శకుని గూర్చి తెలియవలసినది చాలవరకు తెలియును.

మన తెలుగునను స్వతంత్రముగా తీయబడిన మేలైన చిత్రములు లేకపోలేదు. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నర్సింగరావుగారి పూనికతో 1980లో వచ్చిన ‘మా భూమి’ గలదు. 2018లో వెంకటేశ్ మహా విశాఖపట్టణపు కంచరపాలెము నివాసులనే పాత్రధారులుగా నిలిపి తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ గలదు. అందలి ముఖములను చూచునప్పుడు, అలసిన మనుష్యులు ఇట్లు నిర్భయముగా కెమెరా ముందు నిలువలేరని నాకు తోచెను. భయపడినవాని నవ్వు తెరపై దాగదు. దయ కళకు పనికివచ్చుననుటకు నాకు తెలిసిన సాక్ష్య మీ యొక్కటే, ముఖములు.

‘విమర్శకుడు వడ్డించిన విస్తరిని చూడవలెను గాని వంటింటిలో తొంగిచూడరాదు’ అని ఒక మిత్రుడు నన్ను మందలించెను. కొంతవరకు అది న్యాయమే. వంటవానిని కొట్టినంతమాత్రమున పులుసు చేదెక్కదు, కొట్టనంతమాత్రమున తీయబడదు. క్రూరులు గొప్ప చిత్రములు తీసిరి, సాధువులు నిద్రవచ్చు చిత్రములు తీసిరి. కాని మనము చేయుచున్నదేమి? విస్తరిని మాత్రమే చూచి ఊరకుండుట లేదు. వంటింటిలోని దెబ్బలను వర్ణించి, వాటి వలననే పులుసు రుచించెనని వ్రాయుచున్నాము. వంటింటి మాట ఎత్తకున్న పూర్తిగా ఎత్తకుడు. ఎత్తినచో మొత్తము చెప్పుడు — ఎవరు మేలుకొనిరి, ఎవరు పండుకొనిరి, ఎవరికి కూలి ముట్టెను, ఎవరికి ముట్టలేదు.

ఇంత చెప్పుచున్న నేనును నిర్దోషిని కాను. చాలయేండ్ల క్రిందట ఒక చిన్న చిత్రమును మెచ్చుకొనుచు, ఆ బృందము 26 రాత్రులు నిద్రమానుకొని కళారాధన చేసినదని పొగడుచు వ్రాసితిని. ఆ వాక్యమును వారు ప్రకటన పత్రముపై అచ్చువేసికొనిరి. తరువాత కొంతకాలమునకు ఒక పెండ్లిలో ఆ చిత్రమునకు వ్యాను నడపినవాడు నన్ను పలుకరించెను. నా వ్యాసము చదివితినని మర్యాదగా చెప్పి, “ఆ 26 రాత్రులూ పగళ్ళు కూడా బండి నేనే తోలానండయ్యా. ఇరవైరెండో రాత్రి కల్వర్టు గోడకు కొట్టాను. ఎవరికీ ఏమీ కాలేదు గాని, బండి రిపేరు నా జీతంలోనే కోశారు” అనెను. అతడు ఫిర్యాదుగా చెప్పలేదు. నాకు సంతోషము కలుగునని, నేను మెచ్చిన కథకు ఇంకొక ముచ్చట చేర్చుచున్నట్లు చెప్పెను. అందుచేతనే అది నన్ను నేటికిని విడువలేదు. ఆ కళారాధన నా కలముననే జరిగినది. పూజారిని నేనే.

పోయిన వారము మొదటి పుటలో చెప్పిన కుర్రవాడు మా యింటికి వచ్చెను. ఆ రాత్రి నోట ఆగిపోయిన ప్రశ్నను ఈసారి అడిగితిని. అతడు చాలసేపు మాటాడలేదు. తరువాత సంచిలోనుండి తన చిత్రపు ఖర్చుల పట్టికను తీసి, “చూసి చెప్పండి మాస్టారూ, ఎక్కడ తగ్గించవచ్చో” అని నా చేతి కిచ్చెను. 18 దినముల చిత్రీకరణము. మధ్య రెండు దినములు ఖాళీ. భోజనముల పద్దు, అద్దె కెమెరా పద్దు, తాత్కాలిక మరుగుదొడ్ల పద్దు. చివర పుటయందు వ్యాను క్రింద ఇద్దరు డ్రైవర్ల జీతములు వ్రాసియుండెను. రెండవ డ్రైవరు పేరునకు ఎదురుగా పెన్సిలుతో ప్రశ్నార్థక చిహ్నమొకటి పెట్టియుండెను. కెమెరాతోడి కటకములలో నొకటి తగ్గించిన సరిపోవునని చెప్పితిని. ఆ కటకము లేనిచో సాయంకాలపు వెలుగులో తీయు రెండు దృశ్యములు తాననుకొన్నట్లు రావని అతడనెను. అదియు నిజమే. రబ్బరు తీసి ఆ పట్టికమీద చాలసేపు చేతిలో త్రిప్పుచు కూర్చుండి, చివరకు ప్రశ్నార్థక చిహ్నమును చెరిపి, కాగితము మడిచి సంచిలో పెట్టుకొనెను.